ర్యామ్‌లో ఒక్క బిట్ తిరగబడితే: డీడీఆర్5 వచ్చాక పెరిగిన ఈసీసీ అయోమయం

క్లుప్తంగా: ర్యామ్‌లో దాచిన బిట్లు (0 లేదా 1 అనే అంకెలు) అప్పుడప్పుడూ ఎవరూ మార్చకుండానే మారిపోతాయి. సర్వర్లలో వాడే ఈసీసీ (ఎర్రర్ కరెక్టింగ్ కోడ్, అంటే తప్పులు దిద్దే సంకేతం) మెమరీ ఒక బిట్ తప్పును సరిదిద్దుతుంది, రెండు బిట్ల తప్పును పట్టుకుంటుంది, జరిగిన సంగతిని రికార్డు చేస్తుంది. డీడీఆర్5 చిప్‌ల (కొత్త తరం ర్యామ్ చిప్‌ల) లోపల ఉండే ఈసీసీ వీటిలో మొదటి పని మాత్రమే చేస్తుంది, అదీ చిప్ లోపలి వరకే. మామూలు ల్యాప్‌టాప్‌లో తప్పు జరిగితే ఆ సంగతి చెప్పే నాథుడు ఇప్పటికీ లేడు.

తెలుగులో ‘కాలం’ అని టైప్ చేసి ఫైల్ సేవ్ చేశారనుకుందాం. కంప్యూటర్‌కు అక్షరం అంటే ఒక సంఖ్య. యూనికోడ్‌లో ‘క’ సంఖ్య 3093, ‘గ’ సంఖ్య 3095. సున్నాలు, ఒకట్లుగా రాస్తే మొదటిది 110000010101, రెండోది 110000010111. తేడా ఒకే ఒక్క చోట, కుడి నుంచి రెండో స్థానంలో ఉంది. ఫైల్ ఇంకా ర్యామ్‌లో ఉండగా ఆ ఒక్క బిట్ సున్నా నుంచి ఒకటికి మారితే ‘కాలం’ కాస్తా ‘గాలం’ అవుతుంది. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి స్పెల్ చెకర్ కూడా పట్టుకోలేదు. అలాంటి బిట్టే ఖాతా నిల్వలోనో, మందు డోసులోనో ఉంటే సంగతేమిటన్నది అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు కంప్యూటర్ రంగం 1950లోనే చక్కటి జవాబు కనిపెట్టింది. సర్వర్లలో ఆ జవాబు దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఇళ్లలో, ఆఫీసుల్లో వాడే పీసీలకు మాత్రం అది చేరలేదు. డీడీఆర్5 మెమరీ వచ్చాక ‘ఇప్పుడు అన్నింటిలోనూ ఈసీసీ ఉంది కదా’ అన్న మాట ప్రచారంలోకి రావడంతో అయోమయం ఇంకా పెరిగింది.

బిట్ ఎందుకు తిరగబడుతుంది?

ర్యామ్ చిప్‌లో ఒక్కో బిట్‌కు ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. అందులో విద్యుదావేశం ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. చిల్లి కుండలో నీళ్లలా ఈ ఆవేశం కారిపోతూనే ఉంటుంది. అందుకే మామూలు ఉష్ణోగ్రత దగ్గర ప్రతి 64 మిల్లీసెకన్లలోపు (డీడీఆర్5లో 32) చిప్ ప్రతి వరుసనూ చదివి మళ్లీ నింపుతుంది. 16 జీబీ ర్యామ్‌లో ఇలాంటి కుండలు 13,743 కోట్లకు పైనే. ఇన్ని కోట్ల కుండల్లో ఒక్కటీ ఎప్పుడూ తప్పకూడదని ఆశించడమే కష్టం.

1970ల చివర్లో కొన్ని మెమరీ చిప్‌లు కారణం లేకుండా తప్పులు చేస్తుంటే ఇంటెల్ ఇంజినీర్లు ఆరా తీశారు. దోషం చిప్‌లో కాదు, దాని చుట్టూ ఉన్న సెరామిక్ కవచంలో దొరికింది. ఆ పదార్థంలో ఉన్న యురేనియం, థోరియం జాడల నుంచి వెలువడే ఆల్ఫా కణాలు కెపాసిటర్ల ఆవేశాన్ని చెదరగొడుతున్నాయి. కవచాల పదార్థాన్ని శుద్ధి చేయడంతో ఆ బెడద చాలావరకు తగ్గింది. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలకు మాత్రం అలాంటి విరుగుడు లేదు. అవి వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే న్యూట్రాన్లు గోడలను దాటుకుని వస్తాయి. ఎత్తు పెరిగేకొద్దీ వాటి సంఖ్యా పెరుగుతుంది. 1976లో అమెరికాలోని లాస్ అలమోస్‌కు తొలి క్రే-1 సూపర్ కంప్యూటర్ వచ్చింది. ఆ ఊరు సముద్ర మట్టానికి సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉంది. యంత్రంలో తప్పును పట్టుకునే పారిటీ ఉంది గానీ దిద్దే ఏర్పాటు లేదు. 6 నెలల్లో 152 మెమరీ తప్పులు నమోదయ్యాయి. ఆ తర్వాత తయారైన క్రే-1 యంత్రాలకు దిద్దుబాటు ఏర్పాటు జోడించారు.

విమానాలు ఎగిరేది ఇంకా పైన. 2025 అక్టోబరు 30న మెక్సికోలోని కాంకున్ నుంచి అమెరికాలోని నెవార్క్ వెళ్తున్న జెట్‌బ్లూ ఏ320 విమానం ఉన్నట్టుండి ముక్కు కిందికి వాల్చింది. కొందరు ప్రయాణికులు గాయపడ్డారు, విమానాన్ని టాంపాకు మళ్లించారు. తీవ్రమైన సౌర వికిరణం వల్ల విమాన నియంత్రణకు కీలకమైన డేటా పాడయ్యే అవకాశం ఉందని నవంబరు 28న ఎయిర్‌బస్ ప్రకటించింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 6,000 విమానాలకు మార్పులు చేయాల్సి వచ్చింది. మన దేశంలో ఇండిగో, ఎయిర్ ఇండియా విమానాలూ ఆ జాబితాలో ఉన్నాయి. చాలావాటికి వేసిన మందు పాత సాఫ్ట్‌వేర్‌కు వెనక్కి వెళ్లడమే. హార్డ్‌వేర్‌లో తప్పు పుట్టినా, దాన్ని తట్టుకునే బాధ్యత సాఫ్ట్‌వేర్‌కూ ఉంటుందని ఈ ఉదంతం చూపింది.

అయితే బిట్లు తిరగబడటానికి ఆకాశం ఒక్కటే కారణం అనుకోవడం పొరపాటు. 2009లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గూగుల్ ఇంజినీర్లు కలిసి గూగుల్ సర్వర్లలో రెండున్నరేళ్ల పాటు జరిగిన మెమరీ తప్పులను విశ్లేషించారు. ఏడాదిలో దాదాపు మూడో వంతు యంత్రాల్లో, 8 శాతానికి పైగా ర్యామ్ మాడ్యూళ్లలో (చిప్‌లు అమర్చిన పట్టీల్లో) కనీసం ఒక్క తప్పయినా కనిపించింది. అప్పటిదాకా అనుకున్న దానికంటే ఇది చాలా ఎక్కువ. పైగా తప్పులు అన్ని మాడ్యూళ్లకూ సమానంగా రాలేదు. ఒకసారి తప్పు చేసిన మాడ్యూలే మళ్లీ మళ్లీ చేసింది. అంటే ఎక్కువ భాగం దారిన పోయే కణం దెబ్బలు కావు, చిప్‌లోనే ఉన్న లోపాలు. ఈ తేడా ముఖ్యమైనది. కణం కొట్టిపోతే ఆ ఒక్కసారితో సరి. లోపమైతే మాత్రం మాడ్యూల్ మార్చేదాకా ఊరుకోదు.

సరి-బేసి లెక్క

తప్పును పట్టుకునే అతి సులువైన పద్ధతి పేరు పారిటీ. ఎనిమిది బిట్లకు తొమ్మిదో బిట్ ఒకటి చేర్చి, మొత్తం ఒకట్ల సంఖ్య ఎప్పుడూ సరి సంఖ్య అయ్యేలా చూస్తారు. చదివేటప్పుడు లెక్క బేసి వస్తే ఏదో మారిందని అర్థం. బడి పిల్లలను జంటలుగా నిలబెట్టినట్టన్నమాట. ఒకరు ఒంటరిగా మిగిలితే ఎవరో తగ్గారని తెలుస్తుంది, ఎవరన్నది తెలియదు. ఇద్దరు తగ్గితే ఆ సంగతే తెలియదు. 1981 నాటి తొలి ఐబీఎం పీసీలో ఈ తొమ్మిదో బిట్ ఉండేది. లెక్క తప్పితే తెరపై పారిటీ హెచ్చరిక చూపి యంత్రం ఆగిపోయేది. 1990లలో ధరల పోటీ ముదిరాక మామూలు పీసీల నుంచి ఆ బిట్‌ను తీసేశారు.

తప్పు ఎక్కడ జరిగిందో కూడా చెప్పగల పద్ధతిని బెల్ ల్యాబ్స్ గణిత శాస్త్రవేత్త రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించారు. వారాంతాల్లో రిలే (విద్యుత్ స్విచ్‌లతో నడిచే) కంప్యూటర్‌కు ఆయన పని అప్పగించి వెళ్లేవారు. తప్పు కనబడగానే యంత్రం ఆ పనిని పక్కన పడేసేది. తప్పు జరిగిందని గుర్తించగల యంత్రం అది ఎక్కడ జరిగిందో ఎందుకు చెప్పలేదన్న ఆలోచన ఆయనకు అక్కడ మొదలైంది.

పద్ధతిని చిన్న ఉదాహరణతో చేసి చూడవచ్చు. దాచాల్సిన డేటా 1011 అనుకుందాం. ఏడు గళ్లు గీసి 1 నుంచి 7 వరకు నంబర్లు వేయాలి. 1, 2, 4 గళ్లు కాపలా బిట్లకు, మిగిలిన 3, 5, 6, 7 గళ్లు డేటాకు. ఒకటో గడి 1, 3, 5, 7 గళ్ల జట్టుకు కాపలా. రెండో గడి 2, 3, 6, 7 జట్టుకు, నాలుగో గడి 4, 5, 6, 7 జట్టుకు. ప్రతి జట్టులోనూ ఒకట్లు సరి సంఖ్యలో ఉండేలా కాపలా బిట్లు నింపితే వరుస 0110011 అవుతుంది.

ఇప్పుడు ఆరో గడిలోని 1 మారి 0 అయిందనుకుందాం. వరుస 0110001. మొదటి జట్టులో ఒకట్లు రెండు, లెక్క సరిపోయింది. రెండో గడి జట్టులో మూడు ఒకట్లు, తప్పింది. నాలుగో గడి జట్టులో ఒకే ఒక్కటి, అదీ తప్పింది. లెక్క తప్పిన జట్ల కాపలా నంబర్లు 2, 4. కూడితే 6. తప్పు జరిగిన గడి అదే. దాన్ని తిరగేస్తే పాత వరుస తిరిగి వచ్చేస్తుంది. డేటా రెండో ప్రతి ఎక్కడా దాచుకోకుండానే మూడు అదనపు బిట్లతో నేరం జరిగిన చోటు తేలిపోయింది. ఒక్కో గడి తన నంబరుకు తగ్గట్టు వేర్వేరు జట్లలో సభ్యుడు కావడమే ఇందులోని కీలకం.

ఇదే ఉదాహరణ ఈ పద్ధతి బలహీనతనూ చూపిస్తుంది. ఆరో గడితో పాటు మూడో గడి కూడా మారితే వరుస 0100001. ఈసారి లెక్క తప్పేవి ఒకటో, నాలుగో గడి జట్లు. కూడితే 5. యంత్రం ఏ పాపం ఎరగని ఐదో గడిని తిరగేస్తుంది. రెండు తప్పులు మూడవుతాయి, పైగా దిద్దేశానని యంత్రం నమ్ముతుంది. దీనికి విరుగుడుగా మొత్తం వరుసకు కలిపి మరో సరి-బేసి బిట్ చేరుస్తారు. ఒక్క తప్పయితే మొత్తం లెక్క మారుతుంది, రెండయితే మారదు. జట్ల లెక్కలు తప్పి, మొత్తం లెక్క మాత్రం సరిపోతే అది రెండు బిట్ల తప్పు. అప్పుడు యంత్రం దిద్దే సాహసం చేయదు, చేతులెత్తి హెచ్చరిస్తుంది.

సర్వర్లలో ఈసీసీ ఏం చేస్తుంది?

64 బిట్ల డేటాకు ఈ పద్ధతిలో 7 కాపలా బిట్లు కావాలి, రెండు తప్పుల హెచ్చరికకు మరొకటి. మొత్తం 72. డీడీఆర్4 దాకా వచ్చిన ఈసీసీ మాడ్యూల్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే ఈ లెక్క కంటికే కనిపిస్తుంది. చాలా రకాల్లో ఒక వరుసలో ఎనిమిది నల్లటి చిప్‌లకు బదులు తొమ్మిది ఉంటాయి. కాపలా బిట్లను లెక్కగట్టేది, సరిచూసేది ఆ తొమ్మిదో చిప్ కాదు. ఆ పని ప్రాసెసర్‌లో ఉండే మెమరీ కంట్రోలర్‌ది. అందువల్ల చిప్‌లో తప్పు జరిగినా, చిప్ నుంచి ప్రాసెసర్‌కు వచ్చే తీగల్లో తప్పు జరిగినా బయటపడుతుంది.

పెద్ద సర్వర్లలో ఇంతకు మించిన రక్షణ ఉంటుంది. 1990లలో ఐబీఎం తెచ్చిన చిప్‌కిల్ తరహా పద్ధతులు ఒక చిప్ మొత్తం చచ్చిపోయినా డేటాను తిరిగి నిర్మించగలవు. ఎవరూ చదవని చోట పడి ఉన్న ఒక తప్పు పక్కన రెండోది చేరకముందే దొరికేలా కంట్రోలర్ మెమరీ అంతా గస్తీ తిరుగుతూ దిద్దుకుంటూ పోతుంది.

అయితే ఈసీసీకి ఉన్న అసలు విలువ దిద్దడంలో కన్నా చెప్పడంలోనే ఎక్కువ. ఏ స్లాట్‌లో, ఏ మాడ్యూల్‌లో, ఎన్నిసార్లు తప్పు దిద్దాల్సి వచ్చిందో ఆపరేటింగ్ సిస్టమ్ లాగ్‌లోకి ఎక్కుతుంది. గూగుల్ అధ్యయనం చూపినట్టు తప్పులు ఒకే మాడ్యూల్‌లో పదేపదే వస్తాయి కాబట్టి ఆ లాగ్ ముందస్తు హెచ్చరిక. నిర్వాహకులు ఆ పట్టీని తీసి కొత్తది పెడితే పెద్ద నష్టం తప్పుతుంది. దిద్దలేని తప్పు వస్తే యంత్రం ఆ పనినో, మొత్తం వ్యవస్థనో ఆపేస్తుంది. సర్వర్ ఆగిందంటే అందరికీ టెన్షనే. కానీ తప్పు లెక్కతో సాఫీగా నడిచే సర్వర్ కంటే ఆగిపోయిన సర్వర్ ఎన్నో రెట్లు మేలు.

డీడీఆర్5లో ఉన్నది వేరే ఈసీసీ

డీడీఆర్5 ప్రమాణాన్ని మెమరీ ప్రమాణాలు రూపొందించే జెడెక్ సంస్థ 2020 జులైలో విడుదల చేసింది. దీని ప్రకారం చిప్ లోపల ప్రతి 128 డేటా బిట్లకు 8 కాపలా బిట్లు ఉంటాయి. ఒక బిట్ తప్పును చిప్ తనలో తానే దిద్దుకుని డేటాను బయటికి పంపుతుంది. షాపుల్లో, ప్రకటనల్లో ‘ఈసీసీ ఉంది’ అనేది దీని గురించే.

దీన్ని పెట్టడానికి కారణం చిప్ తయారీలోనే ఉంది. కెపాసిటర్లు చిన్నవవుతున్న కొద్దీ వందల కోట్ల గళ్లలో కొన్ని బలహీనంగా ఉండటం తప్పదు. వాటి కోసం చిప్ మొత్తాన్ని పారేస్తే గిట్టుబాటు కాదు. లోపలే దిద్దుకునే ఏర్పాటు ఉంటే ఆ చిప్ మార్కెట్‌కు పనికొస్తుంది. కాబట్టి దీన్ని వినియోగదారు డేటాకు పెట్టిన కాపలా అనడం కన్నా తయారీకి దొరికిన ఊతం అనడమే సరైనది.

ఆ కాపలా చిప్ గడప దాటదు. చిప్ నుంచి ప్రాసెసర్ దాకా సాగే ప్రయాణంలో, స్లాట్‌లో సరిగా కూర్చోని పిన్ను దగ్గర తప్పు జరిగితే దానికి సంబంధం లేదు. ఒకే గుంపులో రెండు బిట్లు తిరగబడితే పైన చూసిన ఐదో గడి కథ పునరావృతమయ్యే ప్రమాదం ఉంది. అన్నింటికన్నా పెద్ద లోటు, ఏ గడిలో తప్పు దిద్దిందో అది మామూలు పీసీలో వినియోగదారుకు చెప్పదు. మాడ్యూల్ పాడవుతున్న లక్షణాలు బయటికి కనిపించకుండా లోపలే ఉండిపోతాయి.

పూర్తి స్థాయి ఈసీసీ డీడీఆర్5లోనూ విడిగా ఉంది. డీడీఆర్5 మాడ్యూల్‌లో 32 బిట్ల దారులు రెండు ఉంటాయి. ఈసీసీ మాడ్యూల్‌లో ఎక్కువగా ఒక్కో దారికి 8 బిట్లు చేర్చి 40 చేస్తారు. అంటే 64కు 80. అదనపు భారం 12.5 శాతం నుంచి 25 శాతానికి పెరిగింది. ధర తేడా ఎక్కువ కావడానికి ఇదీ ఒక కారణం.

మధ్యలో తెరిచి ఉన్న తలుపు

హార్డ్ డిస్కులు, ఎస్ఎస్‌డీలు తమ డేటాను తామే సరిచూసుకుంటాయి. నెట్‌వర్క్‌లో వెళ్లే ప్రతి ప్యాకెట్‌కూ చెక్‌సమ్ (సరిచూసే సంఖ్య) ఉంటుంది. ఈ రెండింటి మధ్య డేటా ఎక్కువ సమయం గడిపేది ర్యామ్‌లో. కాపలా లేనిది అక్కడే. ర్యామ్‌లో ‘గాలం’ అయిపోయిన మాటకు డిస్కు తన కాపలా బిట్లు లెక్కగట్టి భద్రంగా దాస్తుంది. డిస్కు దృష్టిలో ఏ తప్పూ జరగలేదు. అక్కడి నుంచి అదే తప్పు బ్యాకప్‌లోకీ చేరుతుంది.

2003 మే 18న బెల్జియం ఎన్నికల్లో స్కార్‌బేక్ అనే చోట ఎలక్ట్రానిక్ ఓటింగ్‌లో ఒక అభ్యర్థికి రావడానికి వీల్లేనన్ని ఓట్లు వచ్చాయి. మళ్లీ లెక్కిస్తే తేడా సరిగ్గా 4,096. బైనరీలో ఒకే ఒక్క బిట్ విలువ అది. సాఫ్ట్‌వేర్‌లో లోపం దొరక్కపోవడంతో, బిట్ దానంతట అదే తిరగబడి ఉంటుందన్న నిర్ధారణకు నిపుణులు వచ్చారు. కారణం ఇదేనని రుజువు చేసే మార్గం లేదు. నిజానికి ఇలాంటి కేసులన్నింటిలోనూ ఉన్న చిక్కు ఇదే. ఈసీసీ లేని యంత్రంలో తిరగబడిన బిట్ ఆధారం మిగల్చదు. ఇక్కడ అంకె అసాధ్యంగా ఉండబట్టి అనుమానం వచ్చింది. మారినది 4,096 విలువ ఉన్న బిట్ కాక 16 విలువ ఉన్న బిట్ అయి ఉంటే ఎవరూ గమనించేవారు కాదేమో.

2011లో భద్రతా పరిశోధకుడు ఆర్టెమ్ డైనబర్గ్ మరో దారిలో దీన్ని చూపించారు. ప్రసిద్ధ వెబ్‌సైట్ల పేర్లలో ఒక్క బిట్ తేడాతో వచ్చే 31 పేర్లను నమోదు చేసి ఎదురుచూశారు. ఉదాహరణకు ఇంగ్లిష్ ‘ఆర్’ అక్షరంలో ఒక బిట్ మారితే 2 అంకె అవుతుంది. మనిషి అలా టైప్ చేసే అవకాశం తక్కువ. అయినా కొన్ని నెలల్లోనే ఆ పేర్ల కోసం 50 వేలకు పైగా అభ్యర్థనలు వచ్చాయి.

తప్పును కావాలని చేయిస్తే

2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఇంటెల్ పరిశోధకులు రోహ్యామర్ అనే సమస్యను వెల్లడించారు. పొరుగింటివాళ్లు తలుపును పదేపదే ధడేల్‌మని వేస్తుంటే మన గోడ సున్నం రాలినట్టు, మెమరీలో ఒక వరుసను అతివేగంగా మళ్లీ మళ్లీ తెరిస్తే పక్క వరుసల్లోని ఆవేశం కారిపోయి బిట్లు తిరగబడతాయి. పరీక్షించిన 129 మాడ్యూళ్లలో 110 దీనికి లొంగాయి. మరుసటి ఏడాదే గూగుల్ ప్రాజెక్ట్ జీరో బృందం దీనితో మామూలు ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద పెత్తనం సంపాదించగలదని చేసి చూపింది. ఈసీసీ ఈ దాడిని కష్టతరం చేస్తుంది గానీ పూర్తిగా ఆపలేదని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

2025లో టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే దాడిని ఎన్విడియా ఏ6000 గ్రాఫిక్స్ కార్డు మీద ప్రయోగించారు. ఏఐ మోడల్‌లోని ఒక సంఖ్యలో ఒకే బిట్ తిప్పితే కచ్చితత్వం 80 శాతం నుంచి 0.1 శాతానికి కూలింది. కార్డులోని ఈసీసీని ఆన్ చేసుకోవాలని ఎన్విడియా సూచించింది. అలా చేస్తే మెమరీ 6.25 శాతం తగ్గుతుంది, కొన్ని పనుల్లో వేగం 10 శాతం వరకు తగ్గవచ్చు. విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అలాంటి కేంద్రాల్లో మాడ్యూళ్లు వేలల్లో ఉంటాయి. 2009 అధ్యయనం చెప్పిన 8 శాతం లెక్కన చూసినా ప్రతి వెయ్యికి ఏటా 80 మాడ్యూళ్లు తప్పు చేస్తాయి. అక్కడ ఈసీసీ లేకుండా పని నడవదు.

ఎవరికి అవసరం, ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మామూలు పీసీలకు ఈసీసీ రాకపోవడానికి అడ్డు సాంకేతికత కాదు, మార్కెట్. ఇంటెల్ చాలాకాలం ఈ సదుపాయాన్ని ఎక్కువగా జియాన్ వంటి ఖరీదైన ప్రాసెసర్లకు పరిమితం చేసింది. ఈ విధానం వల్లే ఈసీసీ ర్యామ్ మార్కెట్లో అరుదైపోయిందని లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2021 జనవరిలో తీవ్రంగా విమర్శించారు. ఏఎండీ రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావాటిలో ఈసీసీ పనిచేస్తుంది, కాకపోతే మదర్‌బోర్డు కూడా ఒప్పుకోవాలి.

సినిమాలు చూసే, బ్రౌజింగ్ చేసే ల్యాప్‌టాప్‌కు ఇది లేకపోయినా రోజు గడిచిపోతుంది. వీడియోలో ఒక చుక్క రంగు మారితే కన్ను పట్టుకోదు. ఇంట్లో ఏళ్ల తరబడి ఫొటోలు దాచే స్టోరేజ్ సర్వర్, ఆడిటర్ ఆఫీసులో లెక్కల కంప్యూటర్, ఆస్పత్రి రికార్డుల యంత్రం, రోజుల తరబడి నడిచే గణనలు వేరు. అక్కడ తప్పు పేరుకుంటుంది, బయటపడేసరికి మంచి ప్రతి మిగలకపోవచ్చు. వాటికి అదనపు ఖర్చు పెట్టడం న్యాయమే.

లైనక్స్ వాడేవారు టెర్మినల్‌లో డీఎంఐడీకోడ్ (dmidecode) అనే ఆదేశంతో మెమరీ వివరాలు చూడవచ్చు. మొత్తం వెడల్పు, డేటా వెడల్పు అని రెండు అంకెలు కనిపిస్తాయి. 72, 64 అనో, డీడీఆర్5లో 80, 64 అనో ఉంటే మాడ్యూల్ ఈసీసీది. రెండూ 64 అయితే కాదు. మాడ్యూల్ ఈసీసీది అయినంత మాత్రాన అది ఆన్‌లో ఉన్నట్టు కాదు కాబట్టి బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో), సిస్టమ్ లాగ్‌లో కూడా సరిచూసుకోవాలి. ఈసీసీ లేని యంత్రం ఊరికే క్రాష్ అవుతున్నా, కాపీ చేసిన ఫైళ్లు పాడవుతున్నా సాఫ్ట్‌వేర్‌ను నిందించేముందు మెమ్‌టెస్ట్86 లాంటి పరీక్షను ఒక రాత్రంతా నడపాలి. తెల్లారేసరికి తప్పును సూచించే ఎర్ర గీత ఒక్కటి కనిపించినా ఆ మాడ్యూల్‌ను మార్చేయాలి.